అరువు కళ్ళు

బొమ్మల ప్రదర్శనలకు పోయే అలవాటు నాకు లేదు. సముద్రం వైపు వీధుల్లో, పసుపు గోడల పాత బంగళాల్లో నెలకొకటి జరుగుతూనే ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్ళు ఒక్కో బొమ్మ ముందు తల పక్కకు వాల్చి చాలాసేపు నిలబడతారు. నాకు అసలే మెడనొప్పి. ఆ మంగళవారం మాత్రం పోయాను. పక్కింటి జయ పొద్దున్నే మా గేటు పట్టుకుని నిలబడి, "అక్కా, మీ నాయన పనిచేసిన స్టూడియో ఇడగొట్టినారే, ఆడ దొరికిన పాత ఫోటోలు చూసి ఎవురో పిల్లకాయలు బొమ్మలు గీసినారంట. గోడలకు తగిలించినారు. మీ నాయన పేరు యాడన్నా ఏసినారేమో, పొయ్ చూసిరా" అంది.

నాయన పేరు ఎక్కడా వేయలేదు. వేస్తారని నేనూ అనుకోలేదు. ఫోటో తీసినవాడి పేరు అట్ట మీద అచ్చేస్తారు గాని, దాన్ని దిద్దినవాడి పేరు ఎవరికి కావాలి? లోపల ఎనిమిది మంది కళాకారుల పనులు ఉన్నాయి, అందరూ ముప్ఫై లోపువాళ్ళే. ఒకాయన పెళ్ళి ఫోటోను తైలవర్ణంలో వేసి, వధూవరుల తలలు రెండూ ఎగరగొట్టాడు. ఆధునిక కళ అట. ఇంకొకామె మిల్లు కార్మికుల గ్రూపు ఫోటోను నీలిరంగులో అచ్చు తీసింది. అందులో మూడో వరుసలో ఉన్న మీసాలాయన మా వీధివాడేనేమోనని కాసేపు చూశాను. ఇట్లా ఒక్కో గోడే దాటుకుంటూ చివరి గదిలోకి పోయాను.

ఆ గదిలో గోడకు ఒకే బొమ్మ ఉంది. చెక్క మీద చెక్కి, నల్లసిరాతో కాగితం మీద అచ్చు తీసింది. తలుపంత ఎత్తు. గౌను వేసుకున్న చిన్నపిల్ల కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేరుగా మన వైపే చూస్తూ. కింద చీటీ మీద తమిళంలో, ఇంగ్లీషులో, ఫ్రెంచిలో 'పేరు తెలియని పాప' అని ఉంది. నా ముందు నిలబడ్డ ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఆ కళ్ళు చూడవే ఎంత ప్రశాంతంగా ఉన్నాయో అని తమిళంలో అనుకుని, ఫోన్లో ఫోటో తీసుకుని పోయారు.

ఆ పాప పేరు నాకు తెలుసు. ఆ పాప నా చెల్లెలు కస్తూరి. ఆ ఫోటో తీసేటప్పటికి అది చచ్చిపోయి నాలుగు గంటలయింది. ఆ కళ్ళు దానివి కావు, నావి. కూర్చోవడానికి ఆ గదిలో ఒక్క బెంచీ కూడా లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఒర్లియంపేటలో మా ఇల్లు రెండు గదులు. ముందుగదిలో కిటికీ కింద నాయన బల్ల ఉండేది. దాన్ని బల్ల అనడమే గాని, వాలుగా నిలబెట్టిన ఒక చట్రం, మధ్యలో గరుకు అద్దం, కింద మొహం చూసుకునే మామూలు అద్దం. కిటికీ వెలుగు కింది అద్దం మీద పడి పైకి లేచేది. స్టూడియో నుంచి తెచ్చిన నెగటివును గరుకు అద్దం మీద పెట్టి, పెన్సిలుతో ఒక్కో చుక్కే పెడుతూ మనుషుల ముఖాలు దిద్దేవాడు. పెన్సిలు ముల్లు రెండంగుళాలు బయటికి ఉండాలి, సూదంత సన్నగా ఉండాలి. పొద్దున లేచి, బెల్లం కాఫీ తాగి, గరుకుకాగితం మీద ఆ ముల్లు నూరుతూ కూర్చునేవాడు. పది గంటలు దాటేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాడు. ఇల్లంతా టర్పెంటైన్ వాసన. అమ్మ దోసె పోసినా ఆ వాసనే, తలకు నూనె రాసినా ఆ వాసనే. కుంచె మొన తేలడానికి నాలుకతో తడిపేవాడు కాబట్టి ఆయన పెదవులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. "అది తినేదా పూసేదా? నోట్లో పురుగులు పడతాయి సూడు" అని అమ్మ రోజూ తిట్టేది. ఆయన రోజూ వినేవాడు కాడు.

బతికినవాళ్ళ ఫోటోల్లో పని సులువు. అమ్మవారు పోసిన మచ్చలు పూడ్చడం, మెల్లకన్ను సరిచేయడం, బోసిమెడ పెళ్ళికూతురికి ఒక గొలుసు వేయడం. నాయన చేతి చలవతో కాసులపేరు పెట్టుకున్న పేదింటి పెళ్ళికూతుళ్ళు ఊళ్ళో ఎంతమందో. కష్టమైనవి చచ్చినవాళ్ళ ఫోటోలు. బతికుండగా ఫోటోకు నోచుకోని మనిషికి మా ఊళ్ళో చచ్చాక ఆ యోగం పట్టేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దవడ జారకుండా తలచుట్టూ గుడ్డతాడు కట్టి, నుదుట రూపాయి బిళ్ళ అంటించి ఉండగా స్టూడియో ఆయన వచ్చి ఫోటో తీసేవాడు. ఆ తాడూ ఆ రూపాయీ మాయం చేసి, కళ్ళు తెరిపించి, ఇంట్లో గోడకు తగిలించుకునే మనిషిగా మార్చడం నాయన పని.

కళ్ళు మాత్రం ఊహించి వేసేవాడు కాడు. "లేని సూపు నేను యాడ తెచ్చేది? వాళ్ళ రగతంలోంచే తేవాల" అనేవాడు. ఫోటో తీసుకుని ఇంటికొచ్చినవాళ్ళను మొదట అడిగే మాట, పోయిన మనిషి కళ్ళు ఇంట్లో ఎవరికి వచ్చినాయి అని. తమ్ముడికో కూతురికో వచ్చి ఉంటే వాళ్ళను పిలిపించి, కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ ఫోటో మీద కుంచెతో వేసేవాడు. పని అయ్యాక వాళ్ళ కళ్ళ మీద అమ్మ పసుపునీళ్ళు చల్లి పంపేది. చచ్చినవాళ్ళకు కళ్ళు అరువిచ్చినవాళ్ళు ఆ పూట అద్దం చూసుకోకూడదు. ఇది మా ఇంటి శాస్త్రం. ఎవరు పెట్టారో తెలియదు.

ఆ ఫోటోల వెనకాల నాయన పెన్సిలుతో తెలుగులో గుర్తులు రాసుకునేవాడు. తాడు తీయాలి, రూపాయి తీయాలి, కళ్ళు తమ్ముడివి, ఇట్లా. మా వాళ్ళు తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని, తాత పోయాక తెలుగు అక్షరాలు వచ్చినవాడు నాయన ఒక్కడే. తాత దగ్గర నేర్చుకున్నాడు. నాకూ ఆ బల్ల దగ్గరే నేర్పించాడు. ఈ రాత ఆయన పెట్టిందే. దిద్దిన ఆ ఫోటోను స్టూడియోలో మళ్ళీ ఫోటో తీసి, శుభ్రమైన కాపీని ఇంటివాళ్ళకు ఇచ్చేవాళ్ళు. వెనకాల రాత ఉన్న అసలుది స్టూడియో పెట్టెలోనే ఉండిపోయేది. ఆ పెట్టె మళ్ళీ ఎవరైనా తెరుస్తారని అప్పుడు ఎవరమూ అనుకోలేదు.

నాకు పదేళ్ళు, కస్తూరికి ఐదు. కాలు ఒకచోట నిలిచేది కాదు. నాయన పెన్సిళ్ళు ఎత్తుకుపోయేది, రబ్బరు నమిలేది, దొరికితే నవ్వేది. ఊరందరి ముఖాలూ దిద్దే ఇంట్లో మా ఇద్దరి ఫోటో ఒక్కటి కూడా లేదు. అడిగితే నాయన తర్వాత చూద్దాంలే అనేవాడు. కడకు కస్తూరికి చెవులు కుట్టించిన ఆదివారం స్టూడియో నుంచి కెమెరా అడిగి తెచ్చాడు. కొత్త గౌను వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, వెనకాల దుప్పటి పట్టుకుని నిలబడమని నాకు చెప్పాడు. ఎర్రగా వాచిన చెవులతో, చెంపల మీద ఏడుపు తడి ఆరకముందే అది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. నాకు చెవులు కుట్టించినప్పుడు ఎవరూ కెమెరా తేలేదు. దుప్పటి వెనకాల నిలబడి, చేతులు నొప్పి పుడుతుంటే, నేను ఏడ్చాను. అసూయ అనే మాట అప్పటికి నాకు తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయన పడుకున్నాడు. అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. కస్తూరి ఫోటో ఉన్న ఫిల్మును నల్లకాగితంలో చుట్టి నాయన బీరువా మీద పెట్టాడు, మరునాడు స్టూడియో చీకటిగదిలో కడగడానికి. ఆ కడగడం సంగతి నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇంటికి వచ్చేవన్నీ కడిగిన నెగటివులే. ఫిల్ము అంటే అందులో మనిషి ఉంటాడు, కిటికీ వెలుగులో పెడితే కనబడతాడు, నాకు తెలిసింది అంతే. పుట్టినప్పటి నుంచి నాయన చేస్తుంటే చూసింది అదే. కుర్చీ ఎక్కి పొట్లం దించాను. నల్లకాగితం విప్పి, ఫిల్మును గరుకు అద్దం మీద పెట్టి, కింది అద్దాన్ని ఆయన తిప్పినట్టే తిప్పాను. అందులో కస్తూరి లేదు. గంజి మీద కట్టిన తెట్టులాగా బూడిదరంగు తప్ప ఏమీ లేదు. మంచిపనైంది, దాని బొమ్మ పడలేదు అనుకున్నాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. మళ్ళీ చుట్టి పైన పెట్టేశాను.

పొద్దున పొట్లం తీసుకునేటప్పుడు నాయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, కాగితం మడతను ఒకసారి చూశాడు. స్టూడియోకు పోయాడు. సాయంత్రం వచ్చి, "ఫిల్మంతా నల్లగా పొయింది. కెమెరాలో యాడనో సందుండాది, ఎలుతురు దూరింది. ఇంకో ఆదివారం తీస్తాలే" అన్నాడు అమ్మతో. వెలుతురు సోకితే ఫిల్ము చచ్చిపోతుందని నాకు ఆ పూటే తెలిసింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. వచ్చే ఆదివారం ఎట్లాగూ తీస్తాడు గదా.

వచ్చే ఆదివారం కెమెరా ఎవరిదో పెళ్ళికి పోయింది. ఆ పై ఆదివారానికి కస్తూరికి జ్వరం. తొమ్మిదో రోజు పొద్దున ప్రాణం పోయింది. మందులు వేశారు, తాయెత్తు కట్టారు, అమ్మ మొక్కని దేవుడు లేడు. స్టూడియో ఆయన అదే కెమెరాతో వచ్చాడు. అదే గౌను, అదే కుర్చీ. ఈసారి కదలకుండా కూర్చుంది. దుప్పటి పట్టుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే పోయి పట్టుకున్నాను.

పదకొండో రోజు దాటాక ఆ ఫోటో ఇంటికి వచ్చింది. నాయన దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టి, రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు అమ్మ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "ఊరందరి కండ్లూ తెరిపిచ్చినావు ఈ బల్ల మింద. నా బిడ్డవి తెరిపియ్. అది నన్ను సూడాల" అంది. నాయన ముక్కాలిపీటను కిటికీ దగ్గరికి జరిపి, "రాజీ, ఇట్లా రా. కూసో" అన్నాడు.

మూడు పొద్దులు కూర్చున్నాను ఆ ముక్కాలిపీట మీద. ఎంతోమంది ఏడుస్తూ కూర్చున్న పీట అది. వాళ్ళందరికీ దుఃఖం ఉండింది. నాకు భయం కూడా ఉండింది. ఆయన నా కళ్ళలోకి అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నేను తెరిచిన నల్లకాగితం, నేను తిప్పిన అద్దం, నేను పడ్డ సంతోషం అన్నీ ఆయనకు అక్కడ కనబడతాయని నా భయం. కన్ను దించితే "దించొద్దు" అనేవాడు. ఒకసారి కుంచె ఆపి, "ఏందిమే అట్ల సూస్తావు?" అన్నాడు. "ఏం లే నాయనా" అన్నాను. ఆయన కుంచెను నాలుకతో తడుపుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. మూడో రోజు అమ్మ నా కళ్ళ మీద పసుపునీళ్ళు చల్లింది. మండాయి.

ఆ ఫోటో గోడకెక్కాక అమ్మ పొద్దున్నే దానికి బొట్టు పెట్టి, కాఫీ తాగుతూ దానితోనే మాట్లాడేది. ఈ పూట ఏం వండేది, ఎదురింట్లో ఏం గొడవ, అన్నీ దానికే. నాతో మాటలు తగ్గించింది. కోపం ఉండి కాదు, ఆమె దృష్టికి నేను ఆనేదాన్ని కాను. నా కళ్ళు గోడ మీద నుంచి ఆమెను చూస్తుంటే ఆమెకు సరిపోయేది. పెరిగి పెద్దదాన్నై, పెళ్ళై, ఆఫీసులో ఉద్యోగం చేసి, మొగుణ్ణి పోగొట్టుకుని మళ్ళీ అదే ఇంటికి వచ్చేదాకా ఆ ఫోటో కిందనే నా బతుకు గడిచింది. అమ్మ పోయేముందు దాన్ని తనతో పంపమంది, పాడె మీద ఆమె గుండెలపై పెట్టి పంపాము. నాయనకు కడపట చూపు పోయింది. మంచం పక్కన కూర్చుని ఒకరోజు, "నాయనా, ఆ నల్లకాగితం..." అని మొదలుపెట్టాను. "నీళ్ళియ్" అన్నాడు. ఇచ్చాను. ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు జయ మనవడు అన్నం తిన్నా ఫోటో, తినకపోయినా ఫోటో. ఫోన్ నిండిపోయిందని జయ ఆదివారం పూట కూర్చుని వాడి ముఖాలను ఒక్కొక్కటే తీసిపారేస్తుంది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వే కస్తూరి ఒక్కటి ఉండి ఉంటే అమ్మ ఎవరి కళ్ళూ అడిగేది కాదు.

చివరి గదిలో గోడకు ఆనుకుని ఇవన్నీ తలుచుకుంటూ నిలబడి ఉంటే, గోళ్ళలో నల్లసిరా ఉన్న ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను నాలో నేనే ఏదో గొణుక్కుంటున్నాను కాబోలు. "అవ్వా, మీరు తెలుగా?" అంది. అవ్వా అంటే నాకు కోపం వస్తుంది గాని అప్పుడు రాలేదు. "మేమూ తెలుగే, మాది తట్టాంచావడి. నా పేరు సెల్వి. ఈ బొమ్మ నేనే చెక్కినా. పాత పేపర్ల అంగట్లో ఆ స్టూడియో పెట్టె దొరికింది. అందరం తలా ఒక ఫోటో తీసుకున్యాం. నేను ఈ పాపను ఇడవలేకపోయినా. ఎంత బాగ సూస్తాందో సూడండి."

తర్వాత బొమ్మ అడుగున సన్నటి గీతల వరస చూపించింది. నేను దాన్ని గౌను అంచు అనుకున్నాను. "ఇది ఫోటో ఎనకాల రాసుండాది. తెలుగే, గాని నాకు సదవను రాదు. మాట్లాడేది తెలుగు, సదివింది తమిళం. చుమ్మా, ఊరికే అందంగా ఉండాదని అట్నే చెక్కేసినా. పాప పేరేమో?" అంది. అర్థం తెలియని చేతిలో అక్షరాలు విరిగిపోయి ఏమీ తెలియలేదు. అసలు ఫోటో ఉందా అని అడిగాను. పక్కనున్న బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చింది.

వెనక్కి తిప్పాను. నాయన చేతిరాత. సూదిమొన పెన్సిలు. ఇన్నేళ్ళైనా చెక్కు చెదరలేదు.

"ఏం రాసుండాది అవ్వా?"

"తాడు తీయాలి. రూపాయి తీయాలి. కళ్ళు పెద్దపాపవి." అక్కడ ఆగాను.

"ఇంకో లైను ఉండాదే."

"భయం తీయాలి."

"ఎవురి భయం?" అంది సెల్వి.

తెలుసు నాయనకు. పొట్లం మడత చూసినప్పుడే తెలుసు. మూడు పొద్దులు నా కళ్ళలోకి చూసి, అక్కడున్నదాన్ని అమ్మవారి మచ్చలాగా, మెల్లకన్నులాగా గుర్తు రాసుకుని దిద్దేశాడు. నాయన పనికి వంక పెట్టలేము. ఆ బొమ్మలో ఎంత వెతికినా భయం లేదు, ప్రశాంతమే. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఫోటోలోంచి భయం తీసిన చేత్తోనే నన్ను దగ్గరికి తీసుకుని, నువ్వేనా పొట్లం విప్పింది అని ఒక్క మాట అడిగి ఉంటే నేను చెప్పి ఉండేదాన్ని. కొట్టినా బాగుండేది. నన్ను కాపాడాననుకున్నాడో, అడగడానికి ఆయనకే భయమో, ఇప్పుడు ఎవరిని అడగను?

సెల్వికి అంతా చెప్పాను. దుప్పటి, నల్లకాగితం, అద్దం, పీట. ఈ సంగతి నా నోటితో పైకి అనడం ఇదే మొదటిసారి. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "పావం అవ్వా, చిన్నబిడ్డ తెలీక చేసింది గదా" అంది. మంచి మాటే. కాని ఆ మాట అనవలసినవాళ్ళు ఇద్దరూ లేరు.

"బొమ్మ తీసేద్దునా?" అంది.

"వద్దు. చీటీ మార్చు. దానికి పేరుంది."

ఖాళీ చీటీ, పెన్ను తెచ్చి, నన్నే తెలుగులో రాయమంది. బల్ల మీద ఒంగి రాశాను. కస్తూరి. ఐదేళ్ళు. ప్రాణం పోయాక తీసిన ఫోటో. కళ్ళు అక్కవి. రాసినదాన్ని వేలుపెట్టి చదివి వినిపించాను. ఆ గదిలో అది చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. సెల్వి చీటీని అతికిస్తూ ఆగి, "ఆ కడా లైను రాయలేదే అవ్వా? భయం సంగతి?" అంది.

"అది బొమ్మలో యాడుండాది పాపా?" అన్నాను. "దాంట్లోంచి మా నాయన తీసేసినాడు. నాకాడే ఉండిపాయె."